నోరు పెగలని బారిస్టరు

లండన్‌లో బారిస్టరు చదువుతున్న ఆ గుజరాతీ యువకుడికి శాకాహార సంఘమంటే ప్రాణం. కార్యవర్గంలో సభ్యుడు కూడా. అయితే సమావేశం జరుగుతున్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు. ఒకసారి వెంట్నర్ అనే ఊళ్లో శాకాహారుల సభ పెట్టి అతన్నీ నాలుగు మాటలు మాట్లాడమన్నారు. తడబడతానేమోనని ముందే రాసుకుని వెళ్లాడు. రాసింది ఫుల్‌స్కేప్ కాగితానికి మించదు. లేచి నిలబడగానే కళ్లు మసకబారాయి, ఒళ్లు వణికింది. చివరకు వెంట వచ్చిన మిత్రుడు ఆ కాగితం అందుకుని చదివిపెట్టాడు.

1891లో ఇంటికి బయలుదేరేముందు హోల్బర్న్ రెస్టారెంటులో స్నేహితులకు విందు ఇచ్చాడు. ఈసారి కొద్దిపాటి ప్రసంగాన్ని శ్రద్ధగా కంఠతా పట్టాడు. మొదటి వాక్యం దాటలేకపోయాడు. స్వదేశం చేరాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు దొరికింది. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేస్తే గుండె జారిపోయింది, తల తిరిగింది, అడగడానికి ఒక్క ప్రశ్నా తోచలేదు. కూర్చుండిపోయి, కేసు మరో వకీలుకు ఇచ్చుకోమన్నాడు.

ఆ యువకుడు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఈ మూడు అవమానాలనూ ఆయన ఆత్మకథలో ఏమీ దాచకుండా రాసుకున్నారు. తరువాతి రోజుల్లో ఆయన మాట వినడానికి జనం ఎంత దూరం నడిచి వచ్చారో అందరికీ తెలుసు. వేదిక భయం గురించి చెప్పేవాళ్లు గాంధీ పిరికితనాన్ని తరచూ ఉదాహరిస్తారు గానీ, అది ఎక్కడ ఎలా వదిలిందో చెప్పకుండా దాటవేస్తారు. వదలడం మొదలైంది ప్రిటోరియాలో.

1893లో ఒక వ్యాజ్యం పనిమీద దక్షిణాఫ్రికా వెళ్లిన గాంధీని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో రైల్లోంచి దించేశారు. ఆ తరువాతి ప్రయాణంలో దెబ్బలు కూడా తిన్నారు. అలా ప్రిటోరియా చేరిన మనిషి, ఆ ఊరి భారతీయులందరినీ ఒకచోట కూర్చోబెట్టి వాళ్ల స్థితిగతుల గురించి మాట్లాడాలనుకున్నారు. సేఠ్ హాజీ మహమ్మద్ హాజీ జూసబ్ ఇంట్లో సమావేశం జరిగింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మేమన్ వర్తకులు. వ్యాపారంలో నిజం కుదరదన్నది వాళ్ల చుట్టూ స్థిరపడిపోయిన మాట. గాంధీ సరిగ్గా ఆ మాటనే పట్టుకున్నారు. పరాయి గడ్డమీద కొద్దిమంది నడవడిని చూసి కోట్లమంది భారతీయులను అంచనా వేస్తారు కాబట్టి, ఇక్కడ నిజాయితీ బాధ్యత రెట్టింపు అవుతుందని చెప్పారు. అక్కడినుంచి శుభ్రత గురించి, ఒక సంఘం పెట్టుకోవలసిన అవసరం గురించి మాట్లాడారు. తన జీవితంలో తొలి బహిరంగ ప్రసంగం అదేనని, విషయాన్ని బాగానే సిద్ధం చేసుకుని వెళ్లానని ఆయనే రాసుకున్నారు.

రెండేళ్ల కిందట సాక్షిని ఒక్క ప్రశ్న అడగలేనివాడికి ఇంత మాట ఎక్కడినుంచి వచ్చింది? ధైర్యం ఒక్కసారిగా పుట్టుకొచ్చిందనుకుంటే పొరపాటు. లండన్ విందులో ఆయన కంఠతా పట్టింది చమత్కారంగా వినిపించే మాటలు. అక్కడ పరీక్ష తనకే. ప్రిటోరియాలో ఎదురుగా కూర్చున్నవాళ్ల కష్టం తన ఒంటిమీద కూడా పడింది. వాళ్లకు చెప్పి తీరవలసిన సంగతి ఒకటి ఉంది. సభ చిన్నది, ఒక ఇంట్లో జరిగింది. వక్త చూపు తనమీదనుంచి వినేవాళ్లమీదకు మళ్లిన రోజు అది. ఉపన్యాస కళలో మిగతా మెళకువలన్నీ ఈ మళ్లింపు తరువాతే అక్కరకొస్తాయి.

అందుకే ప్రసంగానికి సిద్ధమయ్యేవారు కాగితంమీద ముందుగా రాసుకోవలసింది మొదటి వాక్యం కాదు, వినబోయేవాళ్ల వివరం. ఎవరు వస్తున్నారు, ఈ విషయంలో వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసు, ఏ అనుమానంతో వస్తారు, లేచి వెళ్లేటప్పుడు వాళ్లలో ఏది మారాలి. మహిళా పొదుపు సంఘం తరఫున బ్యాంకు మేనేజరు ముందు మాట్లాడే అధ్యక్షురాలికైనా, ఫైనలియర్ ప్రాజెక్టు వివరించే ఇంజినీరింగ్ విద్యార్థికైనా, గ్రామసభలో తాగునీటి సంగతి లేవనెత్తే రైతుకైనా ఈ నాలుగు ప్రశ్నలు చాలు. జవాబులు దొరికాయంటే ప్రసంగం సగం తయారైనట్టే.

ఇక భయం సంగతి. అరచేతులు చెమర్చడం, నాలుక పిడచకట్టుకుపోవడం, గుండె దడ, ఇవన్నీ ప్రమాదం ఎదురైనప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ చేసే పనులు. దడ పుట్టడం చేతకానితనానికి గుర్తు కాదు. ఒళ్లు పనికి సిద్ధమవుతోందని అర్థం. వక్తను నిజంగా కుంగదీసేది మరొకటి ఉంది. తన లోపలి వణుకంతా సభకు కనబడిపోతోందన్న నమ్మకం. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని పరీక్షించారు. మాట్లాడినవాళ్లు తాము ఎంత బెదిరిపోయినట్టు కనిపించామనుకున్నారో, చూసినవాళ్లకు అంత బెదురు కనబడలేదు. ఇంకా విలువైన సంగతి మరొకటి తేలింది. మీ బెదురు మీరనుకున్నంతగా బయటపడదని ముందుగా వివరించి చెప్పినవాళ్లు, చెప్పనివాళ్లకంటే మెరుగ్గా మాట్లాడారు. ఆ నిజం తెలియడమే మందులా పనిచేసిందన్నమాట. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన పరిశోధన మరో దారి చూపింది. ప్రసంగానికి ముందు, శాంతంగా ఉన్నానని తమకు తాము చెప్పుకున్నవాళ్లకంటే ఉత్సాహంగా ఉన్నానని చెప్పుకున్నవాళ్లు బాగా మాట్లాడారు. కొట్టుకుంటున్న గుండెను బలవంతంగా ఆపబోవడంకంటే ఆ వేగాన్ని పనికి మళ్లించుకోవడం తేలిక.

శిక్షణ తరగతుల్లో విరివిగా వినిపించే ఒక లెక్కను ఇక్కడే సరిదిద్దుకోవాలి. భావం చేరడంలో మాటల వాటా 7 శాతమేనని, గొంతుది 38, ముఖ కవళికలది 55 అని బోర్డుమీద రాస్తారు. ఈ అంకెలు 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ బృందం చేసిన ప్రయోగాలనుంచి వచ్చినవి. ఆ ప్రయోగాలు ఒకరిమీద ఒకరికి ఉండే ఇష్టాయిష్టాలకు సంబంధించినవి. మాట ఒకలా, గొంతు మరోలా, ముఖం ఇంకోలా ఉన్నప్పుడు మనిషి దేన్ని నమ్ముతాడన్న ప్రశ్న వాటిది. ప్రసంగాలన్నిటికీ ఆ లెక్క వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా చెప్పారు. మాటకు నిజంగా 7 శాతమే విలువైతే, భాష తెలియని సినిమా చూసి కథంతా అప్పజెప్పగలగాలి. ఈ తప్పుడు లెక్క నమ్మి ఎంతోమంది పిల్లలు విషయం వదిలేసి చేతులు ఎలా ఊపాలా అని అద్దం ముందు అవస్థ పడుతున్నారు. చెప్పేదానిమీద మనసు నిలిస్తే చేతులు వాటి పని అవి చేసుకుంటాయి.

మరి మాటను ఎలా సాధన చేయాలి? తెలుగువాళ్లు దీనికోసం దూరం వెళ్లక్కరలేదు. అవధానం ఉంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది దిక్కులకు లాగుతుంటే అవధాని పద్యం అడిగినవాళ్లకు విడతకు ఒక్కో పాదం చొప్పున పద్యాలు పూర్తి చేసుకుంటూ వెళ్తారు. అందులో అప్రస్తుత ప్రసంగం ఒక అంశం. సంబంధంలేని ప్రశ్నలతో దారి మళ్లించడమే ఆ పృచ్ఛకుడి పని. అవధాని అతనికి సరసంగా జవాబిచ్చి, ఆగిన పద్యాన్ని ఆగినచోటే అందుకోవాలి. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంట ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన విద్య ఇది. పద్యం రానివారు కూడా ఇందులోని పద్ధతిని తీసుకోవచ్చు. ఇంట్లో రిహార్సల్ చేసేటప్పుడు తమ్ముణ్నో స్నేహితురాలినో ఎదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఇష్టం వచ్చినట్టు అడ్డు తగలమనాలి. ఫోను మోగించమనాలి, తలుపు తీసి బయటకు వెళ్లమనాలి, పొంతనలేని ప్రశ్న వేయమనాలి. అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నదానికంటే ఇలాంటి రిహార్సల్ రెండుసార్లు మేలు. అసలు సభలో కరెంటు పోయినా, మైకు మొరాయించినా అప్పుడు నోట మాట ఆగిపోదు.

నిషిద్ధాక్షరిని కూడా ఇంటి సాధనగా మలచుకోవచ్చు. అవధానంలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడి తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. నేటి వక్తకు నిషేధించవలసినవి ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’, ‘అంటే ఏంటంటే’, ప్రతి వాక్యం చివరా సాగదీసే ‘అన్నమాట’. ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని వింటే ఎవరి ఊతపదం ఏదో వాళ్లకే తెలుస్తుంది. మొదటిసారి తన గొంతు తనకే వెగటుగా అనిపిస్తుంది. దాన్ని ఓర్చుకుని ఊతపదాలు లెక్కపెట్టుకోవాలి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఈ లెక్క కోసం ప్రతి సమావేశంలో ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. ఇప్పుడు హైదరాబాదులోనూ ఆ క్లబ్బులున్నాయి. ఊతపదం వచ్చేచోట నోరు మూసుకుని ఒక్క క్షణం ఆగడమే దానికి విరుగుడు. ఆ మౌనం చెప్పేవాడికి యుగంలా తోస్తుంది గానీ వినేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి.

కంఠతా పట్టాలా, చూసి చదవాలా అన్నది ప్రతివారికీ వచ్చే సందేహం. రెండూ గాంధీకి ఎదురు తిరిగాయి. చర్చిల్ అంతటివాడు కూడా 1904 ఏప్రిల్‌లో కామన్స్ సభలో కంఠస్థం చేసిన ప్రసంగాన్ని మధ్యలో మరచిపోయి, ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండిపోయాడు. ఆ తరువాత చేతిలో నోట్సు లేకుండా పెద్ద ప్రసంగానికి లేవలేదు. మాటకు మాట గుర్తుపెట్టుకున్నది గొలుసులాంటిది, ఒక్క లంకె ఊడితే మిగతాదంతా రాలిపోతుంది. తొలి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం నోటికి పట్టించుకోవాలి. మధ్యభాగానికి ఒక చిన్న కార్డుమీద ఐదారు మాటలు పెద్ద అక్షరాలతో రాసుకుంటే సరిపోతుంది. ప్రతి మాట వెనకా ఒక సంఘటనో, ఒక లెక్కో, ఒక మనిషో ఉండాలి. అవి గుర్తుంటే వాక్యాలు వాటంతటవే వస్తాయి.

ఇంగ్లీషులో మాట్లాడక తప్పని ఉద్యోగాలున్న తెలుగు మీడియం పిల్లలకు ఈ భయం రెండింతలు. వాళ్లు తిన్నగా ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టడానికి కూర్చుంటారు. దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. చెప్పదలచుకున్నదంతా ఇంట్లో అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పి చూడాలి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు అయినా సరే. ఎక్కడ వాళ్లకు అర్థం కాలేదో అక్కడ చెప్పేవాడికీ పూర్తిగా అర్థం కాలేదని చాలాసార్లు తేలుతుంది. ఆ చిక్కు విప్పుకున్నాక ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాల్లో వస్తుంది, అవే అందంగా ఉంటాయి.

వేదిక ఎక్కాక తెలుగు సభల్లో కాలం వృథా అయ్యేది మొదట్లోనే. వేదికనలంకరించిన పెద్దలందరి పేర్లూ బిరుదులతో సహా చెప్పి, ఈ అవకాశమిచ్చిన నిర్వాహకులకు ధన్యవాదాలు చెప్పి, ఇంతటి పెద్దల ముందు మాట్లాడే అర్హత తనకు లేదని చెప్పి అసలు విషయానికి వచ్చేసరికి ఐదు నిమిషాలు గడిచిపోతాయి. సభ అత్యంత శ్రద్ధగా వినే ఐదు నిమిషాలు అవే. మర్యాద వద్దని కాదు. సభాధ్యక్షులకు, పెద్దలకు, సభకు ఒక్క వాక్యంలో నమస్కారం చెబితే గౌరవం తగ్గదు. వెంటనే సంఘటనలోకి దిగాలి.

కాలం విషయంలోనూ గాంధీ అనుభవమే పాఠం. 1901 కలకత్తా కాంగ్రెస్‌లో దక్షిణాఫ్రికా తీర్మానం మీద ఆయన మాట్లాడుతుంటే అధ్యక్షుడు గంట మోగించాడు. అది ఇంకా రెండు నిమిషాల్లో ముగించమనే హెచ్చరిక మాత్రమేనని గాంధీకి తెలియదు. అప్పటికి తనకిచ్చిన ఐదు నిమిషాలూ కాలేదన్న నొచ్చుకోలుతో వెంటనే కూర్చుండిపోయారు. దక్షిణాఫ్రికా భారతీయుల కోసం అంత దూరం వచ్చిన మనిషికి దక్కవలసిన రెండు నిమిషాలు ఒక గంట అర్థం తెలియక పోయాయి. ఎన్ని నిమిషాలు, హెచ్చరిక ఎలా ఇస్తారు, ప్రశ్నలకు వేరే సమయం ఉందా అని ముందే అడిగి తెలుసుకోవడం నామోషీ కాదు. పది నిమిషాలిస్తే ఎనిమిదికి సిద్ధం కావాలి. చప్పట్లు, అంతరాయాలు మిగతా రెండూ తినేస్తాయి. తన వేగం ఎంతో తెలియాలంటే ఏదైనా వార్తను సభలో చదివినట్టు గట్టిగా ఒక నిమిషం చదివి మాటలు లెక్కపెట్టుకుంటే చాలు. మైకును తట్టి చూడడం, ఊదడం మానేసి, సభ మొదలవకముందే వెళ్లి దాని ముందు ఒక వాక్యం పలికి చూసుకోవాలి.

ప్రెజెంటేషన్ అనగానే స్లైడ్లు గుర్తొస్తాయి. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. అది ఎంత పని చేయగలదో, ఎంత ముప్పు తేగలదో తెలుసుకోవడానికి 2003 నాటి కొలంబియా ప్రమాదాన్ని మించిన ఉదాహరణ లేదు. జనవరి 16న అంతరిక్ష నౌక ఎగిరిన నిమిషంన్నర లోపే, బయటి ఇంధన ట్యాంకునుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, దెబ్బ ఎంత లోతైనదో అంచనా వేసి ఇంజినీర్లు నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాని శీర్షిక, పాత పరీక్షల లెక్కలు జాగ్రత్తవైపే మొగ్గాయన్న భరోసా ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మాత్రం స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలు. రెక్కకు తగిలిన ముక్క అంచనా 1920 ఘనపుటంగుళాలు. 640 రెట్లు! అంటే ఆ పరీక్షలు ఈ దెబ్బకు వర్తించవు. ఆ ఒక్క వాక్యం శీర్షిక కావలసింది.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా టెక్సాస్ మీద ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ప్రమాదానికి కారణం నురగ ముక్కే, స్లైడు కాదు. కానీ విచారణ మండలి తన నివేదికలో సమాచార రూపకల్పన నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన ఆ స్లైడు విశ్లేషణకు చోటిచ్చి, పూర్తి సాంకేతిక నివేదికలకు బదులు స్లైడ్లతో సరిపెట్టుకునే అలవాటును గట్టిగా తప్పుపట్టింది. కాలేజీ సెమినారులో స్లైడు తయారుచేసే విద్యార్థి కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒక్కో స్లైడుకు ఒక్క సంగతి, ఆ సంగతే శీర్షికగా, పూర్తి వాక్యంలో. వెనక వరుసలో కూర్చున్నవాళ్లు చదవలేని అక్షరం తెరమీద ఉండకూడదు. తెరవైపు తిరిగి స్లైడు చదివి వినిపించే వక్త తన వీపును సభకు అప్పగించినట్టే. లోతైన లెక్కలుంటే ముద్రించిన కాగితం చేతికిచ్చి చదవనివ్వడం మంచిది. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో పై స్థాయి సమావేశాల్లో స్లైడ్లు ఆపించి, రాసిన నోటును అందరూ మౌనంగా చదివాక చర్చ మొదలయ్యే పద్ధతి పెట్టింది కూడా ఈ ఆలోచనతోనే.

విషయం బాగా తెలిసినవారికి వచ్చే ఇబ్బంది మరొకటి. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేసింది. అందరికీ తెలిసిన పాటల వరసను కొందరు బల్లమీద వేళ్లతో తట్టాలి, ఎదుటివారు పాట ఏదో చెప్పాలి. సగం గుర్తుపడతారని తట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే. తట్టేవాడి తలలో పాట మోగుతోంది. వినేవాడికి వచ్చింది టకటకలే. ఆసుపత్రిలో రోగి బంధువులకు జబ్బు వివరించే డాక్టరు, ఎరువుల మోతాదు చెప్పే వ్యవసాయాధికారి, జీఎస్టీ గురించి దుకాణదారులకు చెప్పే ఆడిటరు తరచూ ఇలాగే బల్ల తడుతుంటారు.

దీనికి విరుగుడు మన బుర్రకథలో ఉంది. కథకుడు ఒక్కడే కథ చెప్పడు. ఇరుపక్కలా డక్కీలతో వంతలు నిలబడతారు. ఒకరు హాస్యం అందుకుంటే మరొకరు కథను నేటి రాజకీయానికి ముడిపెడతారు. కథ ముదిరినచోట, అర్థం కానిచోట వంత అడ్డం వచ్చి ప్రేక్షకుడి మనసులోని ప్రశ్న అడుగుతాడు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని జనానికి రాత్రంతా వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రసంగం రాసుకునేటప్పుడు ప్రతి నాలుగు వాక్యాలకూ మనసులోని వంతను నిలబెట్టి ‘ఏమిటిది? ఎందుకు? నాకేం సంబంధం?’ అని అడిగించుకోవాలి. జవాబు లేనిచోట ఒక ఉదాహరణ చేర్చాలి, లేదంటే ఆ భాగం కొట్టేయాలి.

ఇక్కడ చెప్పిన సాధనలు ఒక్క సభకు సిద్ధమవడానికి పనికొస్తాయి. మాట నిలకడగా రావడానికి మాత్రం సభలే కావాలి, అవీ వెంటవెంటనే కావాలి. ప్రిటోరియా ప్రసంగం తరువాత గాంధీ అక్కడితో ఊరుకోలేదు. ఆ సమావేశాలు దాదాపు క్రమం తప్పకుండా జరిగాయి. ఇంగ్లీషు నేర్పుతానని ఆయన అంటే ముగ్గురు ముందుకొచ్చారు: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిన్న దుకాణదారు. వాళ్ల తీరిక చూసుకుని వాళ్ల దగ్గరకే వెళ్లి పాఠం చెప్పేవారు. కొంతకాలానికి ప్రిటోరియాలో ఆయనకు తెలియని భారతీయుడు లేకుండా పోయాడు.

మీ అపార్ట్‌మెంట్ సంఘంలోనో, కాలేజీ తరగతిలోనో, ఆఫీసు సోమవారం మీటింగులోనో రాబోయే వారానికి మూడు నిమిషాలు అడిగి పుచ్చుకోండి. ఆ తరువాతి వారానికి కూడా అప్పుడే పేరు ఇచ్చి రండి.